చీర మీద డిజిటల్ ప్రింట్‌కి ఏ కలర్ మోడ్? గుడ్డ ఎంచుకున్న దగ్గర్నుంచి ఉతికిన మచ్చు దాకా

"ఫైల్ ఆర్‌జీబీలో పంపాలా, సీఎంవైకేలో పంపాలా?" అమలాపురం, పాలకొల్లు, భీమవరం, రాజమండ్రి వైపు నుంచి నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఆర్‌జీబీ అంటే తెర ఎరుపు, పచ్చ, నీలం వెలుగులతో రంగు కట్టే లెక్క. సీఎంవైకే అంటే అచ్చులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులతో రంగు కట్టే లెక్క. ఫైల్లో రంగు రాసుకునే ఇలాంటి పద్ధతినే కలర్ మోడ్ అంటారు. అడిగేవాళ్ళలో చిన్న బొటిక్‌లు నడిపేవాళ్ళున్నారు, ద్వారపూడిలో గుడ్డ కొని సొంతంగా ప్రింట్ వేయించుకునేవాళ్ళున్నారు. అందరికంటే ఎక్కువ మంది ఫ్లెక్సీల మీద చెయ్యి తిరిగి, ఇప్పుడు చీరల డిజైన్‌లోకి వచ్చినవాళ్ళు. ఫ్లెక్సీకి సీఎంవైకే మంచి అలవాటే. చీర దగ్గరికొచ్చేసరికి ఆ అలవాటే రంగు చంపేస్తుంది.

నాకూ అలాగే అయింది. ఓ పెళ్ళికి ఆడపడుచులందరికీ ఒకే రకం జార్జెట్ చీరలు, 14. రంగు పాలపిట్ట నీలం. డిజైనంతా ఆర్‌జీబీలో చేసి, పంపేముందు అలవాటు కొద్దీ సీఎంవైకేకి మార్చి పంపాను. చీరలొచ్చాయి. విప్పి చూస్తే పాలపిట్ట లేదు, మబ్బు పట్టిన నీలం ఉంది. "ఆయ్, ఫోన్లో చూపించిన రంగు ఇది కాదండీ" అని ఆర్డర్ ఇచ్చినావిడ మెల్లగా అన్నారు గానీ, ముహూర్తానికి నాలుగు రోజులే ఉంది. తప్పు మెషీన్‌ది కాదు, నేను నొక్కిన ఒక్క మెనూది. ఆ నాలుగు రోజులూ నాకు నిద్రలేదు. అందుకే ఇది వరసగా, ఏదీ దాటవేయకుండా రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట: ముందు గుడ్డ, తర్వాత ఇంకు, ఆ తర్వాతే మోడ్. ప్రింట్ వేసే యూనిట్ వేరే చెప్పకపోతే ఫైల్‌ని ఆర్‌జీబీలోనే, ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ అంటించి పంపండి. ప్రొఫైల్ అంటే అంకెలు అసలు ఏ రంగో చెప్పే చీటీ లాంటిది. ఎస్‌ఆర్‌జీబీ అందులో అందరూ వాడే మామూలు రకం.

1. కంప్యూటర్ ముట్టుకోకముందు: గుడ్డ ఏది, ఇంకు ఏది

డిజిటల్ ప్రింట్ అని అందరం ఒకే పేరుతో అంటాం గానీ, లోపల నాలుగు రకాల రంగులున్నాయి. ఏ గుడ్డకి ఏది పడుతుందో తెలియకుండా మోడ్ గురించి మాట్లాడి లాభం లేదు.

• కాటన్, విస్కోస్, పట్టు: రియాక్టివ్ ఇంకు. గుడ్డకి ముందే సోడా, యూరియా, గంజి లాంటి చిక్కదనం కలిపిన మందు పట్టిస్తారు. ప్రింట్ అయ్యాక సుమారు 102 డిగ్రీల ఆవిరిలో పెట్టి, తర్వాత కడుగుతారు.
• పట్టు, నైలాన్: యాసిడ్ ఇంకు. దీనికీ ఆవిరి, ఉతుకు తప్పవు.
• పాలిస్టర్ జార్జెట్, క్రేప్, శాటిన్: సబ్లిమేషన్. ముందు కాగితం మీద ప్రింట్ వేసి, సుమారు 200 డిగ్రీల వేడితో గుడ్డలోకి ఎక్కిస్తారు.
• దాదాపు ఏ గుడ్డకైనా: పిగ్మెంట్. ఉతుకు పని లేదు, వేడితో గట్టిపడుతుంది. రంగు గుడ్డ పైన కూర్చుంటుంది కాబట్టి మెరుపు కాస్త తక్కువ, చేతికి కాస్త బిరుసు.

సబ్లిమేషన్ కాటన్‌కి పట్టదు. బండార్లంక కాటన్ చీర తీసుకెళ్ళి జార్జెట్ మీద వచ్చిన రంగే కావాలంటే రాదు. ఈ సంగతి ఖాతాదారుకి డిజైన్ చూపించే రోజే చెప్పాలి.

ఇంకో సంగతి. ఈ ఇంకుల్లో తెలుపు ఉండదు. మీ ఫైల్లో తెల్లగా ఉన్నచోట మెషీన్ ఏమీ వెయ్యదు, గుడ్డ రంగే కనిపిస్తుంది. గుడ్డ కోరా రంగులో ఉంటే మీ తెల్ల మల్లెలు కోరా రంగులోనే పూస్తాయి, పైన వేసిన ప్రతి రంగులోకీ ఆ పసుపు కలుస్తుంది. డిజిటల్‌కి బాగా బ్లీచ్ అయిన, ప్రింట్‌కి సిద్ధం చేసిన గుడ్డే తీసుకోండి.

2. యూనిట్‌కి ఫోన్ చేసి అడగాల్సినవి

ప్రింట్ సూరత్‌లో పడినా, హైదరాబాద్‌లో పడినా, మన ఊరి పక్కనే పడినా ప్రశ్నలు ఇవే. జవాబులు కాగితం మీద రాసుకోండి.

☐ ఏ ఇంకు? మెషీన్‌లో ఎన్ని రంగులు? నాలుగేనా, లేక ఆరెంజ్, వయొలెట్, బ్లూ లాంటివి అదనంగా ఉన్నాయా?
☐ ఫైల్ ఏ మోడ్‌లో కావాలి? ఆర్‌జీబీ అయితే ఏ ప్రొఫైల్?
☐ నేను కొన్న గుడ్డకి మీ దగ్గర ప్రొఫైల్ చేసి ఉందా? ఆ ఐసీసీ ఫైల్ (ప్రొఫైల్ ఉండే ఫైల్) నాకు పంపగలరా?
☐ ఎన్ని డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) చాలు?
☐ ఫైల్ రకం టిఫ్ కావాలా, పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత రకం) కావాలా?
☐ మచ్చుకి ఎంత గుడ్డ, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు?

మూడో ప్రశ్నకి "అన్నిటికీ ఒకటే సెట్టింగ్ అండీ" అని జవాబొస్తే మచ్చు వెయ్యకుండా ఆర్డర్ ఇవ్వకండి. ఒకే ఇంకు కాటన్ మీద ఒకలా, మస్లిన్ మీద ఇంకోలా, పట్టు మీద మరోలా పడుతుంది.

3. ఏ పనికి ఏ మోడ్

3.1 ఆర్‌జీబీ: డిజిటల్ ప్రింట్‌కి మామూలు దారి

మెషీన్‌లో ఇంకు సీసాలు నాలుగో ఎనిమిదో ఉంటాయి కదా, మరి ఆర్‌జీబీ ఎందుకు? ఈ అనుమానం న్యాయమైనదే.

ఫైల్‌కీ మెషీన్‌కీ మధ్య రిప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మీ ఫైల్లో ఉన్న రంగు ఏమిటో ప్రొఫైల్ చూసి అర్థం చేసుకుని, ఆ గుడ్డ మీద, ఆ ఇంకుతో ఆ రంగు రావాలంటే ఏ సీసాలోంచి ఎంత చుక్క వెయ్యాలో అది లెక్క కడుతుంది. ఆ లెక్కకి కావాల్సిన గుడ్డ ప్రొఫైల్ దాని దగ్గరుంది, మన దగ్గర లేదు.

మనం ముందే సీఎంవైకే చేస్తే ఏమవుతుంది? ఫొటోషాప్‌లో మామూలుగా ఉండే సీఎంవైకే ప్రొఫైళ్ళు ఆఫ్‌సెట్ కాగితం కోసం చేసినవి. కాగితం మీద రాని రంగుల్ని అవి అక్కడికక్కడే కోసేస్తాయి. ఆ తెగిన రంగుల్ని రిప్ మళ్ళీ గుడ్డకి మారుస్తుంది. సబ్లిమేషన్, రియాక్టివ్ ఇంకులు కాగితం కంటే బాగా పలికే రంగులు కొన్ని ఉన్నాయి. సరిగ్గా అవే పోతాయి.

పోయే రంగుల్ని మన మాటల్లో చెప్పాలంటే: పాలపిట్ట నీలం, చిలకపచ్చ, మెరిసే కనకాంబరం, వంగపండు రంగులో ఉండే ఆ ఊదా నిగనిగ. పెద్దగా దెబ్బ తగలనివి: గంధం, చింతపిక్క, ఇటుక రంగు, మెరూన్, ముక్కుపొడుం. మీ చీర రెండో జాబితాలో రంగులతోనే ఉంటే సీఎంవైకేలో పంపినా తేడా కనపడకపోవచ్చు. "నేనెప్పుడూ సీఎంవైకేలోనే పంపుతాను, ఏమీ కాలేదు" అనేవాళ్ళ మాట అబద్ధం కాదు. వాళ్ళ చేతికి ఇంకా పాలపిట్ట రాలేదంతే.

ఆర్‌జీబీలో ఉన్నంత మాత్రాన తెర మీద కనిపించేదంతా గుడ్డ మీదకి రాదు. 0, 255, 0 లాంటి అచ్చమైన పచ్చ, వెలుగు చిమ్మే నియాన్ గులాబీ మామూలు ఇంకులతో రావు. ఫ్లోరోసెంట్ ఇంకు ఉన్న మెషీన్ అయితే కొంత దగ్గరికి వస్తాయి.

3.2 సీఎంవైకే: అడిగినప్పుడే

ఇది కావాల్సిన సందర్భాలు మూడు.

• యూనిట్ తన గుడ్డకి చేసిన ఐసీసీ ప్రొఫైల్ ఇచ్చి, "దీనికి కన్వర్ట్ చేసి పంపండి" అన్నప్పుడు. అప్పుడు కూడా మీ అసలు ఫైల్ ఆర్‌జీబీలోనే ఉంచి, నకలు మాత్రం మార్చండి.
• యూనిట్ తన మెషీన్ మీద వేసిన సీఎంవైకే రంగుల చార్ట్ గుడ్డ ముక్కగా ఇచ్చి, అందులోంచి అంకెలు ఎంచుకోమన్నప్పుడు. ఇది చాలా నమ్మకమైన పద్ధతి. గుడ్డ మీద చూసిన అంకెనే ఫైల్లో వేస్తారు.
• చీర పెట్టె, లేబుల్, కవర్ కాగితం మీద అచ్చు వేయించేటప్పుడు. చీరకి చేసిన బొమ్మే పెట్టె మీద కావాలంటే దానికి వేరే ఫైల్ చేసుకోండి.

సీఎంవైకేలో చేస్తే మొత్తం ఇంకు శాతం చూసుకోవాలి. నాలుగూ 100 పెట్టి నలుపు చేస్తే 400 శాతం ఇంకు గుడ్డ మీద పడుతుంది. అది ఆరదు, ఆవిరిలో పక్కకి పాకుతుంది, ఉతికేటప్పుడు తెల్ల భాగానికి అంటుకుంటుంది. పరిమితి ఎంతో యూనిట్‌నే అడగండి.

3.3 ఇండెక్స్‌డ్: చదును రంగుల డిజైన్లకి

బుటీలు, గళ్ళు, అద్దకం తరహా పూలు, టెంపుల్ అంచులు: షేడింగ్ లేకుండా 6 నుంచి 12 రంగుల్లో అయిపోయే డిజైన్లకి ఇది వరం. ఫైల్లో ఉన్న రంగులన్నీ ఓ పట్టీలో కనిపిస్తాయి. మెరూన్ తీసి నేరేడు రంగు పెట్టాలంటే పట్టీలో ఒక గడి మారిస్తే చీరంతా మారుతుంది. ఒకే డిజైన్‌ని నాలుగు రంగుల్లో అమ్మేవాళ్ళకి దీనివల్ల గంటల పని మిగులుతుంది.

జాగ్రత్తలు రెండు. ఈ మోడ్‌లో లేయర్లు (డిజైన్‌ని విడివిడిగా పేర్చుకునే పొరలు) ఉండవు, అందుకని లేయర్ల ఫైల్ విడిగా దాచుకోండి. మార్చేటప్పుడు డిథర్ అనేదాన్ని "నన్" మీద పెట్టండి. లేకపోతే చదునుగా ఉండాల్సిన రంగులో ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి. పనంతా అయ్యాక నకలుని మళ్ళీ ఆర్‌జీబీ చేసి పంపండి. ఇక్కడ రంగులేమీ పోవు.

3.4 ల్యాబ్: రంగు కలపడానికి, పంపడానికి కాదు

ఉప్పాడ జాందానీ చీరకి జోడీగా బ్లౌజ్ గుడ్డ ప్రింట్ వెయ్యమని తెస్తారు. ఆ చీర రంగుని స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలిచి ల్యాబ్ అంకెలు (ఏ మెషీన్‌తోనూ ముడిపడకుండా రంగుని చెప్పే మూడు అంకెలు) ఇచ్చే యూనిట్ దొరికితే, ఆ అంకెల్ని ఫొటోషాప్ కలర్ పికర్‌లో కొట్టి ఆ రంగుని ఆర్‌జీబీ ఫైల్లోకి తెచ్చుకోండి. డిజైన్ మొత్తాన్ని ల్యాబ్‌కి మార్చాల్సిన పనిలేదు.

3.5 స్క్రీన్ ప్రింట్‌కి: గ్రేస్కేల్, స్పాట్ చానెళ్ళు

టేబుల్ మీద స్క్రీన్‌తో రంగు అద్దే పనికి ఇవన్నీ పక్కన పెట్టండి. అక్కడ రంగు ఫైల్లో ఉండదు, రంగు కలిపే మనిషి చేతిలో, బకెట్‌లో ఉంటుంది. ఫైల్ చెప్పాల్సింది ఏ స్క్రీన్‌లో ఏ భాగం తెరవాలన్నదే. ఒక్కో రంగుకి ఒక్కో స్పాట్ చానెల్ (ఆ ఒక్క రంగు భాగాన్నే ఉంచే పొర), ఒక్కోటీ నల్లగా ఫిల్మ్ మీదకి. విడదీసేటప్పుడు కళ్ళకి వేరువేరుగా కొట్టొచ్చే రంగులు పెట్టుకోండి. నిజం రంగు ఏదన్నది ఓ గుడ్డ ముక్క పిన్ చేసి పక్కన రాసివ్వండి. పక్కపక్క రంగులు వెంట్రుకవాసి ఒకదాని మీదకి ఒకటి ఎక్కేలా ఉంచితే మధ్యలో తెల్ల గీత రాదు.

4. ఎస్‌ఆర్‌జీబీనా, అడోబ్ ఆర్‌జీబీనా?

అడోబ్ ఆర్‌జీబీ 1998లో పచ్చలు, పచ్చనీలాలు ఎక్కువ పడతాయి. నెమలికంఠం, నాచు, చిలకపచ్చ రంగులతో బతికే డిజైనర్‌కి ఇది ఆశ పుట్టిస్తుంది. కానీ ఆ అదనపు రంగులు చూపించే మానిటర్ మీ దగ్గర ఉండాలి, యూనిట్‌లో రిప్ ఆ ప్రొఫైల్‌ని చదవాలి. రెండిట్లో ఏది లేకపోయినా మీకు నష్టమే: ప్రొఫైల్ చూడని చోట అడోబ్ ఆర్‌జీబీ ఫైల్ వెలిసిపోయినట్టు పడుతుంది.

నా సలహా ఎస్‌ఆర్‌జీబీ. ప్రొఫైల్ లేని ఫైల్ వస్తే చాలా చోట్ల ఎస్‌ఆర్‌జీబీ అనే అనుకుంటారు కాబట్టి తప్పు జరిగినా దెబ్బ చిన్నది. యూనిట్ వాళ్ళు అడోబ్ ఆర్‌జీబీ అడిగితే సంతోషంగా ఇవ్వండి, కానీ మొదటి గీత నుంచే అందులో చెయ్యండి. ఎస్‌ఆర్‌జీబీలో చేసి చివర మారిస్తే కొత్త రంగులేమీ పుట్టవు.

5. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కసారి చేసుకోవాల్సిన సెట్టింగులు

ఫొటోషాప్‌లో:

• షిఫ్ట్, కంట్రోల్, కె నొక్కితే కలర్ సెట్టింగ్స్ వస్తాయి. ఆర్‌జీబీ దగ్గర ఎస్‌ఆర్‌జీబీ పెట్టండి.
• కలర్ మేనేజ్‌మెంట్ పాలసీల్లో మూడిటికీ "ప్రిజర్వ్ ఎంబెడెడ్ ప్రొఫైల్స్" పెట్టండి.
• ప్రొఫైల్ తేడా ఉన్నా, అసలు లేకపోయినా అడగమని చెప్పే గడులన్నీ టిక్ చెయ్యండి. ఫైల్ తెరిచినప్పుడల్లా అడుగుతుంటే విసుగ్గా ఉంటుంది, కానీ చాలా తప్పులు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

"అసైన్ ప్రొఫైల్", "కన్వర్ట్ టు ప్రొఫైల్" రెండూ ఒకటే అనుకోకండి. అసైన్ అంటే అంకెలు అలాగే ఉంచి వాటి అర్థం మార్చడం, అందుకే తెర మీద రంగు మారిపోతుంది. కన్వర్ట్ అంటే రంగు నిలబెట్టడానికి అంకెల్ని మార్చడం. ప్రొఫైలే లేకుండా వచ్చిన ఫైల్‌కి అసైన్. ఒక ప్రొఫైల్ నుంచి ఇంకోదానికి వెళ్ళడానికి కన్వర్ట్.

కన్వర్ట్ చేసేటప్పుడు, నీటిరంగుల్లా కరిగిపోయే పూలూ ఫొటోలూ ఉంటే "పర్సెప్చువల్" ఎంచుకోండి. చదును బుటీలు, అంచులు అయితే "రెలటివ్ కలరిమెట్రిక్", దానితోపాటు బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ టిక్.

కోరల్ డ్రా వాడేవాళ్ళకి ఒక ఉచ్చు ఉంది. డాక్యుమెంట్ ప్రధాన రంగు మోడ్ ఆర్‌జీబీ పెట్టినా, పక్కన తెరిచి ఉన్న పాలెట్ సీఎంవైకేది అయితే మీరు నొక్కిన ప్రతి రంగూ సీఎంవైకేగానే వస్తువులోకి వెళ్తుంది. పాలెట్ కూడా ఆర్‌జీబీది తెరవండి. టిఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు 24 బిట్ ఆర్‌జీబీ (మూడు చానెళ్ళకీ 8 బిట్ చొప్పున), ప్రొఫైల్ ఎంబెడ్ చేసే టిక్, రెండూ చూసుకోండి.

6. తెర, గదిలో వెలుతురు

మానిటర్‌ని ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టండి. నైట్ మోడ్, వివిడ్ మోడ్ తీసెయ్యండి. వెలుగు తగ్గించండి: పూర్తి వెలుగులో చూసి చేసిన డిజైన్ గుడ్డ మీద ముదురుగా పడుతుంది. కాలిబ్రేషన్ పరికరం కొనగలిగితే ఆ డబ్బు రెండు చెడిన ఆర్డర్లలో తిరిగొస్తుంది.

ఖాతాదారుకి ఫోన్లో బొమ్మ పంపి రంగు ఖాయం చేయించుకోకండి. కొత్త ఫోన్ల తెరలు రంగుల్ని పెంచి చూపిస్తాయి. డిజైన్ ఎలా ఉంటుందో ఫోన్లో చూపించండి, రంగు మాత్రం గుడ్డ ముక్క మీదే చూపించండి.

గుడ్డ చూసే చోటు గురించి కోనసీమవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్ళకి కిటికీ తెరిస్తే కొబ్బరి తోట, అరటి తోట. ఆ ఆకుల మీంచి వచ్చే వెలుతురులో పచ్చ కలిసి ఉంటుంది. ఓసారి ఉల్లిపొర రంగు మచ్చుని కిటికీ దగ్గర చూసి బూడిద తిరిగిందనుకున్నాను. అదే ముక్కని డాబా మీదకి తీసుకెళ్ళి చూస్తే చక్కగా గులాబీ పలికింది. అప్పట్నుంచి పగలు, డాబా మీద, ఎండ నేరుగా పడని నీడలో చూస్తాను. తర్వాత ట్యూబ్‌లైట్ కింద, ఆ తర్వాత కల్యాణ మండపాల్లో ఉండే పసుపు లైటు కింద. మూడు చోట్లా జోడీ కుదిరితేనే బ్లౌజ్ కుదిరినట్టు.

7. సైజు లెక్క

చీర పొడవు 5.5 మీటర్లు, అంటే సుమారు 216.5 అంగుళాలు. 150 డీపీఐ దగ్గర అది 32,480 పిక్సెళ్ళు. పన్నా (గుడ్డ వెడల్పు) 46 అంగుళాలకి 6,900. పీఎస్‌డీ ఫైల్ ఒక వైపు 30,000 పిక్సెళ్ళు దాటనివ్వదు. కాబట్టి పూర్తి చీర ఒకే ఫైల్ కావాలంటే పీఎస్‌బీ (పెద్ద ఫైళ్ళకి ఫొటోషాప్ ఇచ్చే రకం) గానీ టిఫ్ గానీ.

ఒకే లేయర్‌గా, 8 బిట్ ఆర్‌జీబీలో ఇది దాదాపు 640 ఎంబీ. సీఎంవైకే అయితే నాలుగో చానెల్ వల్ల 855 ఎంబీ. బాడీ రిపీట్ (చీరంతా మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్క), అంచు, కొంగు విడివిడిగా చేసి రిపీట్ కొలత రాసిస్తే ఈ బరువంతా తప్పుతుంది. చాలా యూనిట్లు అదే ఇష్టపడతాయి.

సన్న గీతల డిజైన్‌కి 200 నుంచి 300 డీపీఐ. మిగతావాటికి అసలు కొలతలో 150 చాలు.

8. మచ్చు వేయించడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మోడ్ ఎంత సరిగ్గా ఎంచుకున్నా ఉతికిన మచ్చు చూడకుండా ఆర్డర్ ఇవ్వడం నదిలో లోతు చూడకుండా దిగడమే.

మొదటి పని: రంగుల గడుల పటం చేసుకోండి. నెమలికంఠం కావాలనుకుందాం. మధ్య గడిలో ఆర్‌జీబీ 0, 140, 150 పెట్టండి. ఐదు వరసలు, ఐదు నిలువులు. కుడికి వెళ్ళేకొద్దీ నీలం అంకె 10 చొప్పున పెంచండి, ఎడమకి తగ్గించండి. కిందికి వెళ్ళేకొద్దీ పచ్చ అంకె 10 చొప్పున పెంచండి, పైకి తగ్గించండి. ఒక్కో గడి అంగుళం, దాని కిందే అంకెలు నల్లగా. చీరలో ముఖ్యమైన మూడు నాలుగు రంగులకీ ఇలాగే.

రెండో పని: అదే ముక్కలో అసలు డిజైన్ కొంత భాగం, 10 శాతం నుంచి 100 శాతం దాకా బూడిద మెట్లు, 0, 0, 0 నలుపు గడి ఒకటి పెట్టండి. లేత మెట్లు కలిసిపోతున్నాయా, ముదురు మెట్లు గడ్డకడుతున్నాయా తెలిసిపోతుంది.

మూడో పని: మీరు కొన్న తానులోంచే ముక్క పంపండి. యూనిట్ దగ్గరున్న గుడ్డ మీద వేసిన మచ్చు మీ గుడ్డకి సాక్ష్యం కాదు.

నాలుగో పని: పూర్తి కాకముందే చూసి ఏమీ తేల్చకండి. రియాక్టివ్ ప్రింట్ ఆవిరికి ముందు మందకొడిగా ఉంటుంది, సబ్లిమేషన్ కాగితం మీద రంగులు వెలిసినట్టుంటాయి. ఆ దశలో ఫొటో పంపి "ఇలా వచ్చింది" అంటే కంగారుపడి అంకెలు మార్చకండి. ఆవిరి, ఉతుకు, ఆరబెట్టడం, ఇస్త్రీ అన్నీ అయ్యాక చూడండి.

ఉతికే నీళ్ళు కూడా రంగులో భాగమే. కాలవలు కట్టేసిన వేసవిలో బోరు నీళ్ళ మీద ఆధారపడతాం, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఆ నీళ్ళు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. కఠిన జలంలో రియాక్టివ్ రంగు సరిగ్గా కడగబడదు, మసక తేలుతుంది. ఇనుము ఉన్న నీళ్ళు లేత రంగుల్ని మాడ్చినట్టు చేస్తాయి. మచ్చు ఏ నీళ్ళతో కడిగారో ఆర్డర్ కూడా ఆ నీళ్ళతోనే కడగమనండి.

వానాకాలంలో ఇంకో తిప్పలు. మందు పట్టించిన గుడ్డలో యూరియా ఉంటుంది కాబట్టి అది తేమ పీల్చుకుంటుంది. తేమ ఎక్కితే అంచులు పాకి సన్న గీతలు లావవుతాయి. గుడ్డని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచి, ప్రింట్‌కి ముందే విప్పాలి.

ఐదో పని: నచ్చిన గడి మీద పెన్నుతో గుర్తు పెట్టి, ఆ అంకెల్ని ఫైల్లోకి ఎక్కించండి. తెర మీద అది మీకు నచ్చకపోయినా ఫరవాలేదు. అలవాటు లేనివాళ్ళకి ఇదే కష్టం: తెర మీద వెగటుగా ఉన్న నీలం గుడ్డ మీద పాలపిట్ట అవుతుంది.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

సీఎంవైకే చేసి, తిరిగి ఆర్‌జీబీ చేశాను, సరిపోతుందా? సరిపోదు. తెగిన రంగు తిరిగి అతకదు. పాత లేయర్ల ఫైల్‌కి వెళ్ళండి. అది లేకపోతే ఆర్‌జీబీలో ఒక్కో రంగునీ విడిగా పట్టుకుని, గడుల పటం చూసి కొత్త అంకెలు పెట్టండి. మొత్తం బొమ్మకి శాచురేషన్ పెంచితే గంధం రంగు కూడా పసుపైపోతుంది.

నలుపు బొగ్గు రంగులో వచ్చింది. ఐడ్రాపర్‌తో నలుపు మీద నొక్కి చూడండి. 35, 31, 32 అని కనిపిస్తే ఆ నలుపు ఎప్పుడో సీఎంవైకేలో ఒక్క నల్ల ఇంకుతో పుట్టి ఆర్‌జీబీలోకి వచ్చిందని అర్థం. దాన్ని 0, 0, 0 చెయ్యండి. కోరల్ నుంచి వచ్చిన అంచుల్లో ఇది చాలా సార్లు చూశాను.

నీలం ఊదాగా తిరిగింది. 0, 0, 255 లాంటి అచ్చ నీలం వాడితే ఇదే అవుతుంది. పచ్చ అంకెని 60, 70 దాకా పెంచి, నీలం కాస్త తగ్గించి మచ్చు వెయ్యండి.

తెల్ల భాగంలో దుమ్ము లాంటి చుక్కలు. జేపెగ్ నుంచి వచ్చిన బొమ్మల్లో తెలుపు నిజంగా 255 ఉండదు, 252, 253 ఉంటుంది. కంటికి తెలుపే, మెషీన్‌కి మాత్రం చుక్క వెయ్యమని ఆజ్ఞ. లెవెల్స్‌తో అక్కడ 255, 255, 255 చెయ్యండి.

షేడింగ్‌లో మెట్లు కనిపిస్తున్నాయి. 16 బిట్‌లో పనిచేసి చివర 8 బిట్‌కి మార్చండి. మారుస్తూ 1 శాతం నాయిస్ కలిపితే మెట్లు కరిగిపోతాయి.

మోడ్ మార్చగానే నీడలు మారిపోయాయి. మల్టిప్లై, స్క్రీన్ లాంటి బ్లెండింగ్ లేయర్లు ఒక్కో మోడ్‌లో ఒక్కోలా లెక్క కడతాయి. నకలు తీసి, ఫ్లాటెన్ చేసి (లేయర్లన్నీ ఒకటిగా కలిపి), ఆ తర్వాత మార్చండి.

జరీ ఆవగింజ రంగులో వచ్చింది. ఈ ఇంకుల్లో లోహపు మెరుపు లేదు. ఫైల్లో ఎన్ని బంగారు గ్రేడియంట్లు వేసినా గుడ్డ మీద అది గోధుమ, పసుపుల కలయికే. జరీ కావాలంటే నేతలో ఉండాలి, లేదా ఫాయిల్ వేయించాలి.

10. ఫైల్ పంపేముందు

☐ మోడ్: ఆర్‌జీబీ 8 బిట్, లేదా యూనిట్ అడిగినది
☐ ప్రొఫైల్ ఎంబెడ్ అయింది
☐ లేయర్లు ఫ్లాటెన్ చేసిన నకలు, అదనపు ఆల్ఫా చానెళ్ళు తీసేశాను
☐ నలుపు 0, 0, 0. తెలుపు 255, 255, 255
☐ అసలు కొలతలో 150 డీపీఐ లేదా ఎక్కువ
☐ టిఫ్, ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు
☐ లింక్ ద్వారా లేదా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాను. ఫొటోగా పంపితే కుదించి రంగు అంచులు చెడగొడుతుంది
☐ గుడ్డ పేరు, ఇంకు, మచ్చు తేదీ, ఎంచుకున్న గడి అంకెలు చీటీ మీద రాశాను
☐ ఉతికిన మచ్చు సగం యూనిట్‌కి, సగం నా దగ్గర

11. మళ్ళీ అదే చీర అడిగితే

సంక్రాంతికి వేసిన చీర నచ్చి, శ్రావణ మాసానికి మళ్ళీ 30 అడుగుతారు. ఫైల్ అదే కదా అని నేరుగా పంపకండి. ఈలోగా యూనిట్ ఇంకు మార్చి ఉండొచ్చు, గుడ్డ వేరే మిల్లుది కావొచ్చు, ప్రొఫైల్ కొత్తగా చేసి ఉండొచ్చు.

పాత మచ్చుని వెలుతురు తగలని కవర్లో, ఫైల్ పేరుతో దాచి ఉంచండి. బయట గోడకి పిన్ చేస్తే ఆరు నెలల్లో వెలిసి, పోల్చడానికి పనికిరాదు. కొత్త తానులోంచి ముక్క పంపి, పాత గడుల పటమే మళ్ళీ వేయించండి. ఉతికి ఆరాక రెండు ముక్కల్నీ మడతపెట్టి, అంచు అంచు ఆనించి, డాబా నీడలో చూడండి. తేడా ఉంటే అదే పటంలో పక్క గడి ఏది పాతదానికి దగ్గరగా ఉందో చూసి, ఆ అంకెలు వేసి, కొత్త తేదీతో ఫైల్ సేవ్ చెయ్యండి. పాత ఫైల్ మీద మాత్రం రాయకండి.